ప్రింటరు నుదుటి బొట్టు

పెళ్లయిన నలభై ఒకటో రోజున చారుశీల కాపురంలోకి ప్రింటరు అడుగుపెట్టింది. కుడికాలు ముందు పెట్టిందా లేదా అన్న చర్చ వచ్చింది గాని, దానికున్నవి నాలుగూ రబ్బరు కాళ్లే కాబట్టి దోషం లేదని అత్తగారు భ్రమరాంబ తీర్పు చెప్పింది.

కాపురం అంటే పూర్తి కాపురమని కాదు. చారుశీల పెదమల్లవరం గ్రంథాలయంలో ఉద్యోగం చేస్తుంది, అత్తగారింట్లోనే ఉంటుంది. మొగుడు మురారి మాత్రం పది గంటల రైలు ప్రయాణం దూరంలో ఉన్న కొండమామిడి భూసార పరీక్షా కేంద్రంలో మట్టి పొట్లాలు విప్పుకుంటూ ఉంటాడు. రెండో శనివారం పొద్దున్న వస్తాడు, ఆదివారం సాయంత్రం వెళ్లిపోతాడు. అందుకని చారుశీల గోడమీది క్యాలెండరులో రెండో శనివారాలన్నిటికీ చుట్టూ పువ్వు గీసుకుంది.

ఆ ఏడు భార్యాభర్తలను ఒకే ఊళ్లో వేసే బదిలీలకు దారి తెరిచారు. ఈ నెల ముప్ఫై ఒకటి సాయంత్రం ఐదు గంటల్లోపు అర్జీ ఆమోదం కావాలి. తప్పితే మళ్లీ మూడేళ్లకు. మూడేళ్లంటే ముప్ఫై ఆరు పువ్వులు. అర్జీకి పదిహేడు జతపత్రాలు, ఒక్కోదానికి మూడేసి నకళ్లు. వాటన్నిటినీ ధ్రువపత్రాల పరిరక్షణ శాఖ వారు చూసి ముద్ర వేయాలి. జిరాక్సు కొట్టు చుట్టూ తిరగడం కన్నా ఇంట్లోనే ఒకటి పడుంటుందని మురారి రెండో శనివారం దాకా ఆగకుండా సెలవు పెట్టి, శుక్రవారమే ప్రింటరు కొనుక్కొచ్చాడు. చాలా చవకగా వచ్చిందన్నాడు.

భ్రమరాంబ పళ్లెంలో పసుపు, నువ్వులనూనెలో కలిపిన సింధూరం పట్టుకుని వచ్చింది.

"దీనికి ముఖం ఎటురా?"

"ప్రింటరుకు ముఖమేంటమ్మా?"

"ముఖం లేకుండా ఏం పుడుతుందిరా? బండికి లేదూ? కుట్టుమిషనుకు లేదూ?"

మురారి విసుక్కుంటూ పైమూత ఎత్తి మీట నొక్కాడు. అద్దం కింద తెల్లటి వెలుగు ఈ చివర నుంచి ఆ చివరకు పాకింది. "ఇదిగో, కాయితాన్ని ఇక్కణ్ణుంచి చూస్తుంది" అన్నాడు.

"చూసేదే ముఖం" అని ఆవిడ కుడిచేతి ఉంగరపు వేలితో అద్దం మీద కుడివైపు పైమూలన ఒక్క బొట్టు పెట్టి మూత దించేసింది. మురారి గుమ్మంలో కొబ్బరికాయ కొట్టే హడావిడిలో అది చూడలేదు. చారుశీల చూసింది. నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయింది.

మొదటి నకలు తీస్తే కాయితం మూలన ఎర్రగా, గుండ్రంగా, తడి మెరుపుతో సహా బొట్టు పడింది. ఇంకో కాయితం పెడితే దాని మీదా పడింది.

"మన ప్రింటరు ముత్తైదువండీ!" అని చారుశీల చప్పట్లు కొట్టింది.

మురారి స్పిరిటూ దూదీ తీశాడు. "శుక్రవారం పూట బొట్టు చెరుపుతావా?" అని తల్లి కేకేసింది. శనివారం నూనె తుడవకూడదంది. ఆదివారం అమావాస్య అయింది. వారంలో బొట్టు చెరపడానికి పనికొచ్చే రోజంటూ ఒకటి లేదని తెలుసుకుని మురారి రైలెక్కేశాడు.

వెళ్లేముందు గోడకు ఒక చీటీ అంటించి మరీ వెళ్లాడు. ప్రింటరు చవకే గాని, లోపలి రంగు డబ్బాలు నాలుగూ కొత్తవి కొనాలంటే ఇంచుమించు ఇంకో ప్రింటరు ధర అవుతుందని అతనికి ఆలస్యంగా తెలిసింది. గేదెను ఊరికే ఇచ్చినట్టే ఇచ్చి, గడ్డి మాత్రం మా దగ్గరే కొనాలన్నట్టుంది బేరం. అందుకని ఆ చీటీలో ఇలా ఉంది: నలుపులోనే తీయవలెను. పల్చగా తీయవలెను. అక్షరాలు కనపడితే చాలు, అందంగా కనపడనక్కర్లేదు. ఫొటోలు తీయరాదు.

రైలు ఇంకా స్టేషను దాటిందో లేదో, చారుశీల పెళ్లి ఫొటో ఒకటి నిండు కాయితం సైజులో తీసుకుంది. వాళ్ల పెళ్లి షామియానా నీలం రంగుది. ఆ ఒక్క షామియానా వేయడానికే నీలం డబ్బా సగం ఖాళీ అయింది. ఫొటో మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది, పైమూలన సూర్యుడిలా బొట్టుతో సహా. దాన్ని అలమారా తలుపు లోపలి వైపు అంటించి, చీర తీసుకునే ప్రతిసారీ ఓసారి చూసుకుంటూ వచ్చింది.

మూడో తారీఖున చారుశీల జతపత్రాలన్నీ అసళ్లతో సహా పట్టుకుని శాఖ కార్యాలయానికి వెళ్లింది. ముఖ్యమైన కాయితాలు కదా అని, అసళ్లకు నూనె అంటకుండా అద్దం మీద పల్చటి ప్లాస్టిక్ కాయితం పరిచి, నకళ్లన్నీ రంగుల్లోనే తీసింది. ఆ పక్షమంతా అక్కడ నకిలీ నకళ్ల నిర్మూలనా పక్షోత్సవాలు జరుగుతున్నాయి. గుమ్మానికి మామిడాకులు కట్టారు. అసలు నకలును నకిలీ నకలు నుంచి వేరుచేసే ఉపాయం కనిపెట్టమని పైనుంచి ఉత్తర్వు వచ్చిందట, పక్షంలో పన్నెండు రోజులు గడిచిపోయాయట. సూపరింటెండెంటు కృత్తివాసరావు గారు నుదురు పట్టుకుని కూర్చుని ఉన్నారు.

ఆయన మొదటి కాయితం తిప్పారు. రెండోది తిప్పారు. యాభై ఒక్కటీ తిప్పారు. అన్నిటి మీదా ఒకే చోట ఒకే బొట్టు.

"ఏమ్మా, ఈ ఎర్ర గుర్తేమిటి?"

సింధూరం అంటే ఎక్కడ తిరగ్గొడతారోనని చారుశీల ఆ మాట ఎత్తలేదు. "అది... మా మిషన్లోంచే వస్తుందండీ" అంది. అబద్ధం కాదు కదా.

"ప్రతి దాని మీదా?"

"ప్రతి దాని మీదా అండీ."

"వేరే ఏ మిషన్లోనూ రాదా?"

"మా అత్తగారింట్లో తప్ప ఇంకెక్కడా రాదండీ."

కృత్తివాసరావు గారు లేచి నిలబడ్డారు. కళ్లజోడు తీసి తుడిచి పెట్టుకున్నారు. పక్క గదిలోంచి స్కేలు తెప్పించి బొట్టును కొలిచారు. అడ్డంగా పదకొండు మిల్లీమీటర్లు, నిలువుగా పదకొండు. "అమ్మా, నువ్వు ఈ శాఖ గౌరవం నిలబెట్టావు" అన్నారు గద్గదంగా.

మర్నాడే నోటీసుబోర్డు మీద కాయితం వెలిసింది. "ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, ఇకమీదట ఈ కార్యాలయమునకు సమర్పించు ప్రతి నకలుపైనను, కుడివైపు ఊర్ధ్వభాగమున, మూలము నుండి వెలువడిన పదకొండు మిల్లీమీటర్ల అరుణ బిందువు ఉండవలెను. లేనివి నకిలీ నకళ్లుగా పరిగణింపబడును."

ఆ సాయంత్రానికి చారుశీల ఇంటి ముందు పాతికమంది నిలబడ్డారు. పింఛను కాయితాల మాస్టారు, నీటి తీరువా రైతులు, ఇంటి పన్ను తగాదా పడ్డ ఇద్దరు తోడికోడళ్లు, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా. చారుశీలకు ఎవరినీ కాదనడం చేతకాదు. పైగా మీట నొక్కగానే వెచ్చటి కాయితం బయటికి రావడం, దాని మూలన బొట్టు మెరవడం చూస్తే ఆమెకింకా మొదటి రోజు సరదాయే. అందరికీ తీసిచ్చింది.

చిక్కల్లా ఏమిటంటే, బొట్టు ఎర్రగా పడాలంటే రంగుల్లో తీయాలి. రంగుల్లో తీస్తే ఆ మిషను నల్లటి అక్షరాలు రాయడానికి కూడా ఎరుపూ పసుపూ నీలమూ కలిపి దులిపేస్తుంది. గోడ మీది చీటీ గోడ మీదే ఉండిపోయింది.

"చారూ, డబ్బాలో ఎంతుంది?" అని మురారి రోజూ ఫోన్లో అడిగేవాడు, జ్వరం ఎంతుంది అన్నట్టు.

"ఎరుపు అడుగంటిందండీ."

"మరి మన కాయితాలు?"

"మనవి మూడో తారీఖునే ఇచ్చేశాగా! సూపరింటెండెంటు గారు నన్ను చూస్తే లేచి నిలబడుతున్నారు. మీరు బట్టలు సర్దుకోండి."

ఇంకు ఖర్చు తలుచుకుని మురారి నిట్టూర్చాడు గాని, ఆ సంగతి వీధిలో ఆడవాళ్లే తేల్చేశారు. బొట్టు పెట్టించుకోవడానికి వస్తూ వట్టి చేతుల్తో ఎలా వస్తామన్నారు. అరటిపళ్లు, తమలపాకులు, జాకెట్టుముక్కతో పాటు తలా ఒక రంగు బుడ్డీ పళ్లెంలో పెట్టి తెచ్చారు. ప్రింటరు పేరంటం అని ఊళ్లో దానికి పేరు పడిపోయింది. ఆ బుడ్ల రంగును చారుశీల సిరంజితో డబ్బాల్లోకి ఎక్కించేది. ఒకరు తెచ్చింది ముదురు, ఇంకొకరు తెచ్చింది లేత. ఏ పూట ఏ రంగు తగ్గితే ఆ పూట బొట్టు ఆ తీరుగా పడేది. పసుపు అడుగంటిన రోజున గులాబీ రంగు. ఎరుపు తగ్గిన రోజున నారింజ.

కార్యాలయంలో ఎవరూ తడబడలేదు. ఏ రంగు ఎందుకు వచ్చిందని ఇంటికొచ్చి అడిగిన వాళ్లూ లేరు. గులాబీ బిందువు గల నకళ్లు తాత్కాలికంగా చెల్లుతాయనీ, నారింజ బిందువువి విచారణలో ఉన్నట్టనీ అనుబంధ ఉత్తర్వు వేశారు. మాస్టారి వయసు ధ్రువపత్రం గులాబీలో పడింది కాబట్టి ఆయన తాత్కాలికంగా డెబ్బై రెండేళ్ల వాడయ్యాడు. తోడికోడళ్లలో ఒకావిడకు ఎరుపు, ఇంకో ఆవిడకు నారింజ పడేసరికి ఇల్లెవరిదో కోర్టు కన్నా ముందే తేలిపోయింది.

ఇంత ముఖ్యమైన యంత్రాన్ని ఆలనాపాలనా లేకుండా వదిలేయడం తగదని ఇరవై ఐదో తారీఖున కృత్తివాసరావు గారు మెకానిక్ సుభానిని ఇంటికి పంపించారు. చారుశీల అతనికి టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది. సుభాని మంచి పనివాడు. మూత ఎత్తాడు, నాలిక కరుచుకున్నాడు.

"అద్దం మీద ఇంత మరకేంటమ్మా? ఇన్నాళ్లు ఎట్టా వాడారు?" అన్నాడు. చారుశీల గ్లాసుతో పరుగెత్తుకొచ్చేసరికి స్పిరిటు దూది ఎర్రగా నేల మీద పడి ఉంది. 'మూల యంత్రము మచ్చలేనిదని ధ్రువీకరించడమైనది' అని రాసి, సంతకం పెట్టి, టీ తాగి వెళ్లిపోయాడు.

భ్రమరాంబ గుమ్మంలోకి వచ్చి బోసి అద్దాన్ని చూసింది. "ఏం చేతులే ఇవి! పేరంటాలు జరుగుతున్న ఇంట్లోనా?" అని లబలబలాడి, అప్పటికప్పుడు సింధూరం కలిపి మళ్లీ బొట్టు పెట్టింది. కోపంలో కాస్త గట్టిగా నొక్కింది.

పద్నాలుగు మిల్లీమీటర్లు వచ్చింది.

ఇక కార్యాలయంలో గగ్గోలు. పదకొండు వాళ్లు పద్నాలుగు వాళ్లను దొంగలన్నారు. పద్నాలుగు వాళ్లు మాదే తాజాదన్నారు. వాదన ఎటూ తెగకపోతే కృత్తివాసరావు గారు ఆలోచించి, ఏది నిజమో అసలు పత్రాలతో పోల్చి తేల్చమన్నారు. బీరువాలు తెరిచారు. పోల్చారు. బీరువాల్లోని అసలు పత్రాల మీద ఎక్కడా, ఏ సైజులోనూ బొట్టే లేదు.

ఇరవై తొమ్మిదో తారీఖున చారుశీలకు శ్రీముఖం వచ్చింది. "మీ వివాహ ధ్రువపత్రము యొక్క నకలు సక్రమముగా ఉన్నది. అయితే అసలు పత్రముపై అరుణ బిందువు లేనందున, నకలుతో సరిపోలని సదరు అసలు నకిలీదిగా భావింపబడుచున్నది. కావున మీ వివాహము తదుపరి ఉత్తర్వుల వరకు నిలుపుదల చేయబడినది."

చారుశీల దాన్ని నాలుగుసార్లు చదివింది. మొదటిసారి నవ్వొచ్చింది. నాలుగోసారికి అలమారా తలుపు తీసి, నీలం షామియానా కింద తలవంచుకున్న తనను, పక్కన నోరంతా తెరిచి నవ్వుతున్న మురారినీ చూసి చప్పుడు కాకుండా ఏడ్చింది. పక్కనే ఉన్న క్యాలెండరులో ముప్ఫై ఆరు పువ్వులు గీయడానికి చోటు కూడా లేదు.

ముప్ఫయ్యో తారీఖు సెలవు. ముప్ఫై ఒకటిన మధ్యాహ్నం మూడింటికి అత్తాకోడళ్లిద్దరూ కార్యాలయానికి వెళ్లారు. భ్రమరాంబ పట్టుచీర కట్టుకుని, చంకలో చేతిసంచీ పెట్టుకుని, కృత్తివాసరావు గారి ఎదురుగా అడక్కుండానే కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఏం బాబూ, మావాడి పెళ్లి ఆపేశారంట?"

"ఆపలేదమ్మా. నిలుపుదల చేశాం. ఆపడం వేరు, నిలుపుదల వేరు."

"నాలుగొందల మంది తిని వెళ్లారు. అప్పడాలు చాలక మళ్లీ వేయించాం."

"అప్పడాలకు సంబంధించిన పత్రాలేవీ ఫైల్లో లేవమ్మా."

"సరే. అయితే ఈ పిల్ల నా ఇంట్లో ఏ హోదాలో ఉన్నట్టు?"

కృత్తివాసరావు గారు ఫైలు తిరగేశారు. ఆయన చెడ్డవాడు కాదు, అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఉండలేని మనిషి. "తాత్కాలిక ప్రాతిపదికన అనుకోవచ్చమ్మా" అన్నారు.

"తాత్కాలిక కోడలా!" భ్రమరాంబ కోడలి వైపు తిరిగింది. "విన్నావుటే? రేపణ్ణుంచి కాఫీ నువ్వు పెట్టక్కర్లేదు."

చారుశీల ఆ హాస్యానికి నవ్వే స్థితిలో లేదు. "సార్, అసలు పత్రం మీద బొట్టు... అదే, బిందువు పడితే చాలా?"

"చాలు. కానీ మూలము నుండి వెలువడాలి. చేత్తో దిద్దితే ఫోర్జరీ."

"మిషన్లో పెడదామంటే పసుపు రంగు నిండుకుందండీ. ఒక్క రంగు లేకపోయినా మిగతా మూడూ పనిచేయనంటున్నాయి."

"అది వాటి హక్కమ్మా" అన్నారాయన, మొట్టమొదటిసారి ఒక యంత్రం పట్ల సహోద్యోగి గౌరవంతో.

గడియారం మూడూ నలభై చూపిస్తోంది. కొండమామిడిలో మురారి ఫోను చేతిలో పట్టుకుని మట్టి పొట్లాల మధ్య కూర్చుని ఉంటాడని చారుశీలకు తెలుసు. ఇక దాచి లాభం లేదనుకుంది.

"సార్, అది బిందువు కాదండీ. సింధూరం. మా అత్తయ్య గారు కొత్త మిషనుకు పూజ చేసి అద్దం మీద బొట్టు పెట్టారండీ. అదే అన్నిటి మీదా పడింది."

కృత్తివాసరావు గారు మెల్లగా గోడవైపు చూశారు. గోడ పొడుగునా నాలుగు వేల పైచిలుకు ఫైళ్లు, ప్రతి దాని మీదా బొట్టు. పండక్కి ముస్తాబు చేసినట్టున్నాయి.

"ఉత్తర్వు వెనక్కి తీసుకోండి సార్" అంది చారుశీల.

"ఎలా తీసుకుంటానమ్మా?" అన్నారాయన. "ఉపసంహరణ ఉత్తర్వు నకళ్లు పై కార్యాలయానికి పంపాలి. వాటి మీద అరుణ బిందువు ఉండాలి. ఉంటే ఉత్తర్వు అమల్లో ఉన్నట్టు. లేకపోతే ఉపసంహరణ చెల్లనట్టు."

గ్రంథాలయంలో పనిచేసేవాళ్లకు ఒక అలవాటుంటుంది, ఏ కాయితం ఎదురుపడ్డా చివరిదాకా చదువుతారు. చారుశీల నోటీసుబోర్డు మీది ఉత్తర్వును వచ్చినప్పుడల్లా చదివింది.

"సార్, ఉత్తర్వులో 'మూలము నుండి' అనుంది. యంత్రం నుండి అని లేదు."

"లేదు."

"బిందువుకు మూలం మిషను కాదు కదండీ." ఆమె అత్తగారి కుడిచెయ్యి పట్టుకుని బల్లమీద పెట్టింది. "మూలం ఇదండీ. ఈ ఉంగరపు వేలు."

కృత్తివాసరావు గారు ఆ వేలిని చూశారు. ముందుకు వంగి చూశారు. స్కేలు తీసి కొన కొలిచారు. ఆయన మొహంలోకి రక్తం తిరిగొచ్చింది. కలం తీసి గబగబా ఫైల్లో రాశారు: "క్షేత్రస్థాయి పరిశీలనలో అరుణ బిందువునకు మూలము శ్రీమతి భ్రమరాంబ గారి కుడిచేతి ఉంగరపు వేలు అని తేలినది. సదరు వేలు నేటినుండి కార్యాలయ ఆధీనములోనికి తీసుకొనబడినది."

"వేలొక్కటేనా, నేను కూడానా?" అంది భ్రమరాంబ.

"వేలికి సహాయకురాలిగా మీరు కూడా అమ్మా. ఒప్పంద ప్రాతిపదికన."

భ్రమరాంబ చేతిసంచీలోంచి కుంకుమ భరిణె తీసింది. కోడలి వివాహ ధ్రువపత్రం దగ్గరకు లాక్కుంది. ఒక్క క్షణం కళ్లు మూసుకుని, ఆరోజు పీటల మీద పెట్టినట్టే, కుడివైపు పైమూలన బొట్టు పెట్టింది. ఆ చేత్తోనే కోడలి నుదుటన పెట్టింది. సైజు ఎంతో ఎవరూ కొలవలేదు. నాలుగూ యాభైకి మురారి బదిలీ అర్జీ మీద ముద్ర పడింది.

వేలిని ఆస్తుల రిజిస్టరులో బల్లకూ బీరువాకూ మధ్య ఎక్కించారు. దానికి షరతులు కూడా రాశారు. ఉల్లిపాయలు తరగరాదు, వేడి గిన్నెలు పట్టరాదు, ఊరు దాటి వెళ్లాలంటే ముందస్తు అనుమతి ఉండవలెను. కనక ఆ ఇంట్లో పోపులన్నీ చారుశీల పాలయ్యాయి. అత్తగారు పొద్దున్న పదింటికి రిక్షా ఎక్కి వెళ్లి, సాయంత్రం ఐదున్నరకు కుర్చీలో జారగిలబడి "అబ్బ, ఇవాళ రెండొందల పది" అనేది. వేలు చూపించి కాస్త కొబ్బరినూనె రాయించుకునేది.

మురారి ట్రంకు పెట్టెతో దిగిన వారానికి మొగుడూ పెళ్లాం కలిసి పాత స్కూటరు ఒకటి కొన్నారు. గుమ్మం ముందు కడిగి నిలబెట్టారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. రోడ్డు మొదట్లో భ్రమరాంబ రిక్షా కనబడగానే చారుశీల పళ్లెం పట్టుకుని ఎదురెళ్లింది.

"అత్తయ్య గారూ, బండికి బొట్టు పెట్టండి, ఓ రౌండు తిరిగొస్తాం."

భ్రమరాంబ స్కూటరును చూసింది, చేతి గడియారం చూసింది. "ఆఫీసు టైమైపోయిందే" అంది. "పైగా వేలు నాది కాదు, వాళ్లది. సొంతానికి వాడితే మెమో ఇస్తారు. అర్జీ పెట్టుకోండి, రేపు చూస్తాను. మూడు కాపీలు." లోపలికి వెళ్లిపోయింది.

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. మురారి వెళ్లి ప్రింటరు మీట నొక్కాడు. అది కాసేపు గురగురమని, పసుపు లేదని ఎర్ర దీపం వెలిగించింది.

చారుశీల మూడు తెల్ల కాయితాలు, ఒక పెన్ను తెచ్చి గుమ్మంలో మెట్టు మీద కూర్చుంది. మురారి పక్కనే ఇరుక్కుని కూర్చున్నాడు. ఒక వాక్యం ఆమె రాసి పెన్ను ఇస్తే, తర్వాతి వాక్యం అతను రాశాడు. మూడు కాపీలూ అలాగే, చేత్తోనే, గుండ్రటి అక్షరాలతో రాశారు. ఈ అర్జీకి గడువేమీ లేదు. ఎంత నెమ్మదిగా రాయగలరో అంత నెమ్మదిగా రాశారు.